గోధుమలు మానేయబోయే ముందు

గుప్పెడు మైదాపిండిలో కొద్దిగా నీళ్ళు పోసి గట్టి ముద్ద కలపండి. అరగంట మూతపెట్టి నాననిచ్చి, గిన్నెడు నీళ్ళలో వేసి మెల్లగా పిసకండి. నీళ్ళు తెల్లబడతాయి. హల్వా చేసేవాళ్ళు గోధుమపాలు అనేవి అవే. వాటిని వంపేసి మళ్ళీ మంచినీళ్ళు పోయండి. అయిదారు నీళ్ళు మార్చాక ఇక తెలుపు రావడం ఆగిపోతుంది. చేతిలో లేత పసుపురంగు ముద్దొకటి మిగులుతుంది. లాగితే సాగుతుంది, వదిలితే ముడుచుకుంటుంది, కొరికితే రుచీ పచీ ఉండదు. బియ్యప్పిండిని ఇలాగే కడిగితే చేతిలో ఏమీ మిగలదు. ఇటలీలో బొలోనా నగరపు వైద్యుడు జాకొపో బెక్కారి 1728లో ఈ పనే చేసి అక్కడి పండితులకు వివరించాడు. ఆయన చేతిలో మిగిలిన ముద్దే గ్లూటెన్.

గ్లయడిన్, గ్లూటెనిన్ అని రెండు తెగల ప్రోటీన్లు నీళ్ళు తగలగానే ఒకదాన్నొకటి పెనవేసుకుంటే గ్లూటెన్ అవుతుంది. గోధుమలో ఉన్న ప్రోటీన్‌లో నూటికి ఎనభై వంతులు ఇవే. సాగడం గ్లయడిన్ గుణం, సాగింది వెనక్కి రావడం గ్లూటెనిన్ గుణం. హోటల్లో పరోటా మాస్టారు ముద్దని ఎంత పల్చగా విసిరినా చిరగదంటే, తాపేశ్వరం కాజా పొరలు పొరలుగా విచ్చుకుంటుందంటే, బ్రెడ్డు పొంగి అలాగే నిలబడుతుందంటే అంతా వీటి చలవే.

ఈ ప్రోటీన్ల విషయంలో ఇప్పుడు మన ఇళ్ళల్లో రెండు పక్షాలు తయారయ్యాయి. "గోధుమ విషం, ఇవాళే మానేయండి" అనే వీడియోలు చూసి పొద్దున్నే అందరికీ పంపేవాళ్ళది ఒక పక్షం. "సగం దేశం రొట్టెల మీదే బతుకుతోంది, మీకొక్కరికే వచ్చిందా రోగం" అని కసిరేవాళ్ళది రెండో పక్షం. ఇద్దరితోనూ వాదించి వాదించి విసిగిపోయాను కనక ఈ వ్యాసం.

నేను హైదరాబాద్‌లో పాథాలజిస్టుని. రోగి ముఖం చూడకుండా రోగం పేరు చెప్పే ఉద్యోగం. ఎండోస్కోపీ చేసిన డాక్టరు ఆంత్రమూలం నుంచి, అంటే జీర్ణాశయం దాటగానే వచ్చే చిన్నపేగు మొదటి భాగం నుంచి, అయిదారు చిన్న ముక్కలు తీసి ఫార్మలిన్ సీసాలో వేసి పంపుతారు. ఒక్కోటీ రెండు మూడు మిల్లీమీటర్లుంటుంది. దాన్ని మైనంలో ఎలా నిలబెట్టారన్న దాని మీద సగం రోగనిర్ధారణ ఆధారపడి ఉంటుందని చెబితే మీరు నమ్మరు. నిటారుగా నిలబెడితే గోడ నిలువుకోత కనిపిస్తుంది. పక్కకి వాలిందా, లోపలి నిర్మాణమంతా అడ్డంగా తెగిపోయి, బాగున్న పేగు కూడా పాడైనట్టు కనిపిస్తుంది. మా టెక్నీషియన్ ఒకాయన భూతద్దం పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఆ ముక్కని పటకారుతో నిలబెడతాడు. ఆయన సెలవు పెట్టిన రోజున వచ్చిన పేగు ముక్కల్ని ఆయన వచ్చేదాకా పక్కన పెట్టేస్తాను. తర్వాత దాన్ని మూడు నాలుగు మైక్రాన్ల మందాన కోసి, గులాబీ, ఊదా రంగులు పట్టించి గాజుపలక మీద నాకిస్తారు.

ఆరోగ్యంగా ఉన్న చిన్నపేగు లోపలి గోడ కొత్త టర్కీ తువ్వాలులా ఉంటుంది. గోడ నిండా వేలాదిగా సన్నటి పోగులు నిలబడి ఉంటాయి. వీటిని చిన్నప్పుడు జీవశాస్త్రం పుస్తకంలో చూషకాలని చదువుకున్నాం. తిన్నది ఒంటికి పట్టేది వీటి ద్వారానే. చూషకం ఎత్తు దాని అడుగున ఉండే గుంట లోతుకి మూడింతలైనా ఉండాలి. గ్లూటెన్ పడక పేగు గోడ దెబ్బతినే జబ్బు ఒకటుంది, దాని పేరు సీలియాక్. అది ముదిరిన వాళ్ళ పలకలో చూషకాలు ఉండవు. గోడ చదునుగా ఉంటుంది. గుంటలు మాత్రం లోతుగా దిగిపోతాయి. పైపొర కణాల మధ్య మధ్య ముదురు ఊదారంగు చుక్కలు దూరి ఉంటాయి. అవి లింఫోసైట్లు, రోగనిరోధక వ్యవస్థకి చెందిన తెల్లకణాలు. మామూలు మనిషిలో కూడా ఉంటాయి, కాకపోతే నూరు పైపొర కణాలకి పాతికలోపు. అందుకే నేను కూర్చుని లెక్కపెడతాను. చూషకాలు ఇంకా కూలకముందే ఈ చుక్కలు పెరుగుతాయి. వ్యాధి మెట్లని ఈ వరసలో పెట్టి 1992లో మైకేల్ మార్ష్ చేసిన వర్గీకరణనే ఇప్పటికీ రిపోర్టుల్లో రాస్తున్నాం.

పాడయ్యే చోటు ఎక్కడో గమనించండి. మనం తిన్న ఇనుము ఒంటికి పట్టేది ముఖ్యంగా ఆంత్రమూలంలోనే. సీలియాక్ మొదట దెబ్బతీసేదీ దాన్నే. విరేచనాలు లేవు, కడుపునొప్పి లేదు, కానీ హిమోగ్లోబిన్ ఏడు దాటదు, ఏళ్ళ తరబడి ఐరన్ మాత్రలు మింగుతున్నా ఫలితం లేదు. ఇలాంటి ఆడవాళ్ళ పేగు ముక్కలు నా దగ్గరికి వస్తుంటాయి. "నెలసరి ఎక్కువేమో, తిండి సరిగ్గా తినట్లేదేమో" అని ఇంట్లో అంటూనే ఉంటారు. ఆ మాత్ర పట్టాల్సిన గోడే చదునైపోతే ఎన్ని మింగి ఏం లాభం? ఎత్తు పెరగని పిల్లలు, చిన్న వయసులోనే ఎముకలు గుల్లబారిన వాళ్ళు, కారణం తెలియకుండా గర్భస్రావాలవుతున్న వాళ్ళు, మోచేతుల మీద, మోకాళ్ళ మీద దురదపెట్టే పొక్కులు వచ్చేవాళ్ళు, వీళ్ళందరిలోనూ అసలు కారణం ఒక్కోసారి గోధుమే అవుతుంది.

ఈ జబ్బుకి గోధుమే కారణమని కనుక్కోవడానికి చాలా కాలం పట్టింది. 1888లో లండన్ వైద్యుడు శామ్యూల్ గీ పిల్లల్లో దీన్ని చక్కగా వర్ణించాడు. నయమయ్యేదంటూ ఉంటే తిండి ద్వారానే అనీ అన్నాడు, కానీ ఏ తిండో పట్టుకోలేకపోయాడు. ఒక బిడ్డకి రోజూ ఆల్చిప్పల మాంసం పెడితే కోలుకుందని రాశాడు. 1924లో అమెరికాలో సిడ్నీ హాస్ అరటిపళ్ళతో వైద్యం చేశాడు. పిల్లలు కోలుకున్నారు, అరటిపండుకి గొప్ప పేరొచ్చింది. నిజానికి మేలు చేసింది అరటిపండు పెట్టడం కాదు, దానికోసం రొట్టె మానిపించడం.

గుట్టు విప్పింది డచ్చి వైద్యుడు విలెమ్ డిక్కె. హేగ్ నగరంలో పిల్లల ఆసుపత్రిలో పనిచేసేవాడు. గోధుమల మీద అనుమానం ఆయనకి 1930లలోనే ఉంది. 1944-45 చలికాలంలో జర్మన్ సైన్యం పడమటి హాలెండుకి తిండి రాకుండా అడ్డుకుంది. జనం ట్యూలిప్ దుంపలు తిన్నారు, వేలమంది ఆకలితో చచ్చిపోయారు. అంత కరువులో సీలియాక్ పిల్లలు మాత్రం తేరుకున్నారు. రొట్టె మళ్ళీ దొరకడం మొదలయ్యాక మళ్ళీ జబ్బుపడ్డారు. యుద్ధం ముగిశాక యూట్రెక్ట్‌లో మరో ఇద్దరితో కలిసి, పిల్లలకి ఒక్కో ధాన్యమూ విడిగా పెట్టి, వాళ్ళ మలంలో కొవ్వు ఎంత పోతోందో కొలిచి మరీ నిరూపించాడు. గోధుమ, రై పెడితే కొవ్వు పోతోంది, బియ్యం పెడితే పోవడం లేదు. 1950లో అదే ఆయన పరిశోధన గ్రంథం. ఎవరూ పట్టించుకోని మలాన్ని తూచి తేల్చిన ఈ మనిషంటే మా వృత్తిలో వాళ్ళకి ప్రత్యేకమైన గౌరవం ఉంటుంది, ఉండాలి కూడా.

ఇంతకీ పేగులో జరిగేదేమిటి? ప్రోటీన్ ఏదైనా సరే, జీర్ణరసాలు దాన్ని ముక్కలు ముక్కలు చేసి చివరికి ఒకటి, రెండు, మూడు అమైనో ఆమ్లాలుగా విడగొడితేనే పేగు పీల్చుకుంటుంది. గ్లయడిన్‌లో ప్రోలిన్, గ్లూటమిన్ అనే అమైనో ఆమ్లాలు విపరీతంగా ఉన్నాయి. ప్రోలిన్ అడ్డం ఉన్నచోట మన ఎంజైములు కోయలేవు. 2002లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చైతన్ ఖోస్లా బృందం గ్లయడిన్ ప్రోటీన్‌ని జఠరరసంలోని, క్లోమరసంలోని, పేగు గోడలోని ఎంజైములతో వరసగా జీర్ణం చేయించి చూసింది. 33 అమైనో ఆమ్లాలున్న ముక్క ఒకటి ఎంతసేపటికీ తెగలేదు. ఇది రోగుల్లోనే కాదు, మీలోనూ నాలోనూ జరిగేదే. చపాతీ తిన్న ప్రతివాళ్ళ పేగులోనూ ఇలాంటి అరగని ముక్కలు కాసేపు తిరుగుతాయి, చాలామందిలో ఏ గొడవా లేకుండా వెళ్ళిపోతాయి.

గొడవ కావాలంటే ఇంకో రెండు కలవాలి. పేగు గోడలో ట్రాన్స్‌గ్లూటమినేజ్ అనే ఎంజైము ఉంది. గాయాలు మానేటప్పుడు ప్రోటీన్లని ఒకదానికొకటి అతికించడం దాని రోజువారీ పని. ఆ గోడ దాటి లోపలికి వచ్చిన గ్లయడిన్ ముక్కలో ఉన్న కొన్ని గ్లూటమిన్లని అది గ్లూటమేట్లుగా మార్చేస్తుంది. దాంతో ముక్కకి రుణ విద్యుదావేశం వస్తుంది. ఇది ఒకటి. రెండోది పుట్టుకతో వచ్చేది. రోగనిరోధక కణాలు తమ చేతికి చిక్కిన ప్రోటీన్ ముక్కల్ని తమ పైపొర మీద పెట్టి టీ-కణాలకి చూపిస్తుంటాయి. అలా పట్టి చూపించే అణువులు మనిషి మనిషికీ వేరు. వాటిలో డీక్యూ2, డీక్యూ8 అనే రకాలున్న వాళ్ళలో ఆ రుణావేశపు ముక్క చాలా గట్టిగా అతుక్కుంటుంది. దాన్ని చూసిన టీ-కణం, వచ్చింది చపాతీ ముక్క కాదు, రోగక్రిమి అని లెక్కేస్తుంది. వాపు పుట్టించే రసాయనాలు వదులుతుంది. బీ-కణాల చేత యాంటీబాడీలు తయారు చేయిస్తుంది. ఆ యాంటీబాడీలు గ్లయడిన్ మీదికే కాక, అతికించే పని చేసుకుంటున్న మన సొంత ట్రాన్స్‌గ్లూటమినేజ్ మీదికి కూడా వెళతాయి. దీన్ని 1997లో బెర్లిన్‌లో డెట్లెఫ్ షుప్పన్ బృందం కనిపెట్టింది. ఇవాళ మనం చేయించుకునే రక్తపరీక్ష ఆ పరిశోధన ఫలమే. ఇంకోపక్క పైపొరలో దూరిన లింఫోసైట్లు, నేను కూర్చుని లెక్కపెట్టే ఆ ఊదారంగు చుక్కలు, పేగు కణాల్ని చంపడం మొదలుపెడతాయి. పేగు పైపొర మూడు నుంచి అయిదు రోజులకోసారి కొత్తగా పుడుతుంది. చావు పుట్టుకని మించిపోయినప్పుడు చూషకం కురచబడుతుంది.

తన ఒంటి మీద తనే దాడిచేసుకునే జబ్బులు చాలా ఉన్నాయి. కీళ్ళవాతంలోనో, థైరాయిడ్‌లోనో దాన్ని రగిలించేదేమిటో మనకి దొరకలేదు. సీలియాక్‌లో దొరికింది. గోధుమ, బార్లీ, రై పూర్తిగా ఆపేస్తే చాలామందిలో దాడి ఆగిపోతుంది. పిల్లల్లో నెలల్లోనూ, పెద్దల్లో ఏడాది రెండేళ్ళలోనూ చూషకాలు మళ్ళీ మొలుస్తాయి. అదే మనిషి రెండోసారి బయాప్సీకి వచ్చినప్పుడు పాత పలకా కొత్త పలకా పక్కపక్కన పెట్టి చూసుకోవడం నా ఉద్యోగంలో ఉన్న కొద్దిపాటి సంతోషాల్లో ఒకటి.

ఇక మన సంగతి. సీలియాక్ తెల్లదొరల జబ్బని మా చదువులనాటి నమ్మకం. 2016లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం ఉత్తరాన, ఈశాన్యాన, దక్షిణాన కలిపి 23 వేల పైచిలుకు పెద్దవాళ్ళ రక్తం పరీక్షించింది. దక్షిణాది కేంద్రం వేలూరు. సీలియాక్ యాంటీబాడీలు ఉత్తరాదిలో నూటికి 1.23 మందికి, ఈశాన్యంలో 0.87 మందికి, దక్షిణాదిలో 0.10 మందికి కనిపించాయి. సరే, జన్యువులు వేరేమో అనుకుంటాం. డీక్యూ2, డీక్యూ8 ఎంతమందిలో ఉన్నాయో కూడా చూశారు. మూడు చోట్లా నూటికి 30 నుంచి 40 మందిలో ఉన్నాయి. తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది తిండిలో. ఉత్తరాదివాళ్ళు రోజుకి సగటున 455 గ్రాముల గోధుమ తింటుంటే దక్షిణాదివాళ్ళు తినేది 25 గ్రాములు.

ఆ పాతిక గ్రాములు ఇవాళ మన ఊళ్ళల్లో ఎక్కడున్నాయి? షుగరొచ్చిందని రాత్రి చపాతీ, పొద్దున బొంబాయి రవ్వ ఉప్మా, పిల్లాడి బాక్సులో నూడుల్స్, సాయంత్రం మైదా మైసూర్ బజ్జీ, టీలోకి బిస్కట్. ఒకప్పుడు నా దగ్గరికి వచ్చే సీలియాక్ అనుమానపు సీసాల మీద ఎక్కువగా బేగంబజార్ మార్వాడీ కుటుంబాల పేర్లో, పంజాబీ పేర్లో ఉండేవి. ఇప్పుడు మన ఇంటిపేర్లూ కనిపిస్తున్నాయి. ఇది నా బల్ల మీది మాట, గణాంకం కాదు. జన్యువు ఉన్నంత మాత్రాన జబ్బు రాదన్నది కూడా గుర్తుపెట్టుకోవాలి. ఆ జన్యువులున్న వందమందిలో జబ్బు వచ్చేది ఏ కొద్దిమందికో. అదే తోడబుట్టినవాళ్ళకో తల్లిదండ్రులకో సీలియాక్ ఉంటే ముప్పు నూటికి ఏడెనిమిదికి చేరుతుంది.

దక్షిణాదిలో పనిచేసే పాథాలజిస్టుకి ఇంకో చిక్కు ఉంది. చూషకాలు కురచబడితే అది సీలియాకే అయి తీరాలని లేదు. 1960లలో వేలూరు చుట్టుపక్కల పల్లెల్లో ట్రాపికల్ స్ప్రూ అనే జబ్బు వరసగా ప్రబలింది. సెల్విన్ బేకర్, వి.ఐ. మథాన్ దాన్ని ఏళ్ళ తరబడి అధ్యయనం చేశారు. అందులోనూ పేగు ఇలాగే దెబ్బతింటుంది, కానీ దానికి గోధుమతో సంబంధం లేదు, యాంటీబయాటిక్, ఫోలిక్ ఆసిడ్‌లతో తగ్గుతుంది. కలుషితమైన నీళ్ళతో వచ్చే జియార్డియా కూడా ఒక్కోసారి ఇలాంటి వేషమే వేస్తుంది. అందుకే నేను పలక చూసి "సీలియాక్" అని ఒక్క ముక్కలో తేల్చను. "రక్తపరీక్షతో కలిపి చూడగలరు" అని రాస్తాను. నేను దాటవేస్తున్నానని కొందరు డాక్టర్లు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

సీలియాక్ లేకుండానే గోధుమలు పడనివాళ్ళు ఉన్నారా? ఉన్నారు. గోధుమ ఎలర్జీ వేరే సంగతి. అది నిమిషాల్లో గంటల్లో దద్దుర్లుగానో, ఆయాసంగానో వస్తుంది, అక్కడ పనిచేసేవి ఐజీఈ యాంటీబాడీలు. బేకరీల్లో ఏళ్ళ తరబడి పిండి పీల్చేవాళ్ళకి వచ్చే ఉబ్బసం దీని చుట్టమే. కొందరికి గోధుమ తిని వెంటనే పరుగులాంటి వ్యాయామం చేస్తేనే ఎలర్జీ వస్తుంది, ప్రాణం మీదికీ వస్తుంది.

రాజమండ్రి నుంచి మా మరదలు ఫోన్ చేసింది మూడో రకం గురించి.

"వదినా, చపాతీ మానేశాక కడుపుబ్బరం పోయింది. నాకు గ్లూటెన్ పడదు కదూ?"

"ఉల్లిపాయ, వెల్లుల్లి దండిగా వేసిన కూర తింటే ఎలా ఉంటుంది నీకు?"

"అదీ ఉబ్బరమే. అదేమిటి, మీకెలా తెలుసు?"

ఆస్ట్రేలియాలో మొనాష్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2011లో, సీలియాక్ లేనివాళ్ళలో కూడా గ్లూటెన్ కడుపు బాధలు పెంచుతోందని చూపించారు. లోకమంతా గ్లూటెన్ మీద పడింది. అదే బృందం 2013లో, పేగులో పులిసే రకరకాల చక్కెరల్ని ముందే తిండిలోంచి తీసేసి మళ్ళీ పరీక్షిస్తే, గ్లూటెన్ ప్రత్యేకంగా చేస్తున్న చెడుపు కనబడలేదు. 2018లో ఓస్లోలో 59 మందికి గ్లూటెన్ ఉన్నదీ, ఫ్రక్టాన్ ఉన్నదీ, రెండూ లేనిదీ మూడు రకాల మ్యూస్లీ బార్లు ఏది ఏదో చెప్పకుండా తినిపించారు. బాధలు ఎక్కువగా వచ్చింది ఫ్రక్టాన్‌తో. ఫ్రక్టాన్ గోధుమలో ఉండే పిండిపదార్థం, ప్రోటీనే కాదు. ఉల్లిలో, వెల్లుల్లిలో కూడా దండిగా ఉంటుంది. నా ప్రశ్న వెనకున్న గుట్టు అదే. మా మరదలికి గోధుమ తగ్గిస్తే మంచిదే, కానీ ఆవిడ భయపడాల్సిన జబ్బు అది కాదు.

అలాగని గ్లూటెన్ తప్ప గోధుమలో మిగతా ప్రోటీన్లన్నీ నోట్లో వేలు పెడితే కొరకలేనివని కాదు. పురుగుల నుంచి కాపాడుకోవడానికి గోధుమగింజ ఏటీఐలనే ప్రోటీన్లు తయారుచేసుకుంటుంది. పురుగు పొట్టలోని జీర్ణ ఎంజైముల్ని అవి పనిచేయనివ్వవు. మొత్తం ప్రోటీన్‌లో వీటి వాటా నూటికి రెండు నుంచి నాలుగు. ఇవి మన పేగులో ఉండే రోగనిరోధక కణాల్ని నేరుగా రెచ్చగొట్టగలవని 2012లో షుప్పన్ బృందమే చూపించింది. దీనికి డీక్యూ2తో పనిలేదు. అందరి పేగుల్లోనూ ఇదెంత లెక్కలోకి వస్తుందన్నది పరిశోధకులు ఇంకా తేల్చుకుంటున్నారు. ఈలోగా "మీ పేగు లీకవుతోంది" అంటూ మూలికల పొడులు అమ్మేవాళ్ళు మాత్రం అన్నీ తేల్చేసుకున్నారు. గ్లయడిన్ తగిలితే జోన్యులిన్ అనే ప్రోటీన్ వెలువడి పేగు కణాల మధ్య అతుకులు వదులవుతాయని కలరా టీకా మీద పనిచేస్తూ అలెసియో ఫసానో గుర్తించిన మాట నిజమే. ఆ ఒక్క నిజాన్ని పట్టుకుని తలనొప్పికీ మొటిమలకీ అదే కారణమనడం వ్యాపారం. ఖప్లీ గోధుమలో గ్లూటెన్ లేదని చెప్పి ఎక్కువ ధరకి అంటగట్టడం కూడా అంతే. ఖప్లీలోనూ గ్లూటెన్ ఉంది, సీలియాక్ ఉన్నవాళ్ళు అది తినకూడదు.

సీలియాక్ అని తేలినవాళ్ళ తిండి విషయంలో "కొంచెమైతే ఫరవాలేదు" అన్న మాట ఇంట్లో వినిపించకూడదు. రోజుకి 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ చొప్పున మూడు నెలలు తింటే పేగు దెబ్బతింటుందని ప్రయోగం చేసి చూశారు. ఒక మామూలు చపాతీలో గ్లూటెన్ రెండున్నర గ్రాముల దాకా ఉంటుంది. అంటే చపాతీని యాభై ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్క. మన దేశంలో గ్లూటెన్ లేదని లేబుల్ వేయాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములకి మించి ఉండకూడదని నిబంధన.

మన వంటింట్లో ఆ ఒక్క ముక్క ఎక్కడెక్కడ దాక్కుంటుందో చెబుతాను. మొదటిది ఇంగువ. దుకాణంలో దొరికే డబ్బా ఇంగువలో చాలావాటిలో అసలు ఇంగువ కొద్దిగా, మిగతాది గోధుమపిండో మైదాయో. పులిహోర బియ్యంతోనే చేశాం కదా అనుకుంటాం, పోపులో ఇంగువ పడింది. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది, చదవాలి. రెండోది జొన్నపిండి. జొన్నలో గ్లూటెన్ లేదు, కానీ గిర్నీలో గోధుమలు ఆడించిన రాయి మీదే మన జొన్నలూ ఆడితే ఆ పిండిలో గోధుమ కలిసిపోతుంది. పిండిమర ఆయనతో గొడవపడే కన్నా ఇంట్లోనే విడిగా ఆడించుకోవడం మేలు. బార్లీ మాల్ట్ కలిపిన పాలపొడులు, గోధుమ కలిపి పులియబెట్టే సోయా సాస్, మైదాలో దొర్లించి వేయించే గోబీ మంచూరియా, ఇవి మూడోవి. పెసరట్టు నిక్షేపంగా తినొచ్చు, ఎమ్మెల్యే పెసరట్టు మాత్రం తినకూడదు. లోపల పెట్టే ఉప్మా బొంబాయి రవ్వది. ప్రసాదాల దగ్గర ఇంకా మొహమాటం. అన్నవరం ప్రసాదం గోధుమ నూకతో చేస్తారు, తిరుపతి లడ్డు శనగపిండిది. చర్చిలో పుచ్చుకునే అప్పం గోధుమది. కాథలిక్కులకైతే గ్లూటెన్ బొత్తిగా లేని అప్పం చెల్లదనీ, చాలా తక్కువ ఉన్నది వాడుకోవచ్చనీ 2017లో వాటికన్ స్పష్టం చేసింది.

ఒక తల్లి ఓసారి స్లైడ్లు తీసుకెళ్ళడానికి నా గదికి వచ్చింది. "డాక్టరమ్మా, పండక్కి పిల్ల ఏం తినాలి?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కూర్చోబెట్టి చెప్పాను. అరిసెలు, సకినాలు, సర్వపిండి, చేగోడీలు, పూతరేకులు, రాగిసంగటి, ఇడ్లీ, గారెలు, వీటిలో దేనికీ గోధుమ అక్కర్లేదు. పంజాబులో పుట్టిన సీలియాక్ పిల్లకన్నా మన దగ్గర పుట్టిన పిల్లకి కష్టం సగమే. బొబ్బట్లకి మాత్రం మైదా బదులు ఏం వాడాలో నాకూ తోచలేదు.

చివరగా అసలు సంగతి. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కుర్రాడొకడు వీడియోలు చూసి ఏడాదిపాటు గోధుమ ముట్టలేదు. ఆ తర్వాత అనుమానమొచ్చి బయాప్సీ చేయించుకున్నాడు. నా పలక మీద అతని పేగు నిక్షేపంలా ఉంది, రక్తంలో యాంటీబాడీలు లేవు. దాని అర్థమేమిటి? జబ్బు లేదా, లేక జబ్బుండి గోధుమ మానడం వల్ల మానిపోయిందా? నేను చెప్పలేను. జన్యుపరీక్షలో డీక్యూ2, డీక్యూ8 రెండూ లేవని వస్తే సీలియాక్‌ని దాదాపు కొట్టేయొచ్చు. అతనికి డీక్యూ2 ఉంది. ముగ్గురిలో ఒకరికి ఉండేదే కనక దానితో ఏమీ తేలలేదు. ఇక మిగిలిన దారి ఒక్కటే. మళ్ళీ ఆరు వారాలపాటు రోజూ గోధుమలు తిని, మళ్ళీ పరీక్ష చేయించుకోవడం. ఏడాది బాగున్నవాడు కావాలని జబ్బు తెచ్చుకోమంటే ఒప్పుకుంటాడా? ఒప్పుకోలేదు. తనకి జీవితాంతం చపాతీ ముక్క కూడా తగలకూడదో, లేక పెళ్ళిలో రెండు పూరీలు తింటే ఏమీ కాదో అతనికి ఇవాళ్టికీ తెలియదు.

కాబట్టి, ఐరన్ మాత్రలకి లొంగని రక్తహీనత ఉంటే, పిల్ల ఎత్తు పెరగకపోతే, నెలల తరబడి విరేచనాలైతే, ఇంట్లో ఎవరికైనా సీలియాకో, చిన్నప్పుడే వచ్చే టైప్ 1 షుగరో ఉంటే, గోధుమలు మానకుండానే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ట్రాన్స్‌గ్లూటమినేజ్ మీదికి వెళ్ళే ఐజీఏ రకం యాంటీబాడీల్ని కొలిచే టీటీజీ-ఐజీఏ పరీక్ష, దానితోపాటు మొత్తం ఐజీఏ ఎంతుందో కూడా రాయమని అడగండి. కొందరి ఒంట్లో ఐజీఏ పుట్టుకతోనే తక్కువ, వాళ్ళకి మొదటి పరీక్ష తప్పు చూపిస్తుంది. రెండూ రక్తపరీక్షలే, పరగడుపున వెళ్ళక్కర్లేదు, పొద్దున చపాతీ తినే వెళ్ళండి.